ఇంటి టాక్స్ పెరుగుతోంది, స్కూలేమో మూసేస్తారట: ఈ లెక్క ఎక్కడ కుదిరింది?

మేం ఉండేది అమెరికాలోని టెక్సాస్‌లో. అక్టోబర్‌లో ప్రాపర్టీ టాక్స్ బిల్లు రాగానే మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూప్‌లో గొడవ మొదలవుతుంది. ఏటా ఇదే తంతు. "ఇంత కడుతున్నాం, అందులో సగం స్కూల్ డిస్ట్రిక్ట్‌కే పోతోంది, అయినా డబ్బుల్లేవంటారేంటండీ?" అని ఒకరు. "సూపరింటెండెంట్ జీతం ఎంతో చూశారా?" అని ఇంకొకరు, సూపరింటెండెంట్ అంటే డిస్ట్రిక్ట్ స్కూళ్ళన్నిటినీ నడిపే పెద్ద అధికారి. "దీనికంటే మా ఊరి జిల్లా పరిషత్ స్కూలే నయం" అని మూడో ఆయన. ఆయన ఆ స్కూల్ గడప తొక్కి 30 ఏళ్ళయింది, అది వేరే సంగతి. ఈసారి గొడవ కాస్త ముదిరింది. మా డిస్ట్రిక్ట్‌లో ఒక ఎలిమెంటరీ స్కూల్ మూసేయాలన్న ప్రతిపాదన బోర్డు ముందుకొచ్చింది, అందులో మా గ్రూప్‌లో వాళ్ళ పిల్లలే చాలామంది చదువుతున్నారు.

నేను రెండు మీటింగులకి వెళ్ళాను, వాళ్ళు చూపించిన స్లైడ్లన్నీ ఇంటికొచ్చి మళ్ళీ చదివాను. మొదటిసారి ఏమీ అర్థం కాలేదు. నాలుగైదు వారాలు పట్టింది. మా డిస్ట్రిక్ట్ పేరు రాయను, చిన్నది, డల్లాస్ చుట్టుపక్కల ఉన్న పాతికలో ఒకటి అనుకోండి. కింద చెప్పే నియమాలు మాత్రం టెక్సాస్ మొత్తానికి వర్తిస్తాయి. న్యూజెర్సీలోనో కాలిఫోర్నియాలోనో ఉన్నవాళ్ళకి ఇవే లెక్కలు పనికిరావు, అక్కడి పద్ధతి వేరు.

ముందు డిస్ట్రిక్ట్ అంటే ఏంటో ఒక్క మాట. మనం జిల్లా అనగానే కలెక్టరు గుర్తొస్తాడు. ఇక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్‌కి కౌంటీతో (మన జిల్లా లాంటిది) గానీ, సిటీతో గానీ పని లేదు. టెక్సాస్‌లో ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి, ప్రతిదీ ఒక చిన్న ప్రభుత్వం లాంటిది: తన హద్దులు, తన పన్ను, తన అప్పులు, ఎన్నికైన తన బోర్డు. బోర్డులో సాధారణంగా ఏడుగురుంటారు, జీతం ఉండదు. హద్దులు సిటీ హద్దులతో కలవవు. డల్లాస్ పక్కనున్న కాపెల్ డిస్ట్రిక్ట్‌నే చూడండి, అర్వింగ్ సిటీలో ఉన్న వ్యాలీ రాంచ్ అనే కాలనీ దాని కిందకే వస్తుంది, డల్లాస్ సిటీలో ఉన్న సైప్రస్ వాటర్స్ కూడా దాని కిందకే వస్తుంది. అందుకే మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు ఊరి పేరు తర్వాత, ముందు ఏ డిస్ట్రిక్ట్ అని అడుగుతారు.

ఆంధ్రాలో, తెలంగాణలో గవర్నమెంట్ టీచర్ డీఎస్సీ రాసి వస్తారు, జీతం రాష్ట్ర ఖజానా నుంచి పడుతుంది. బడిలో పిల్లలు తగ్గితే రేషనలైజేషన్ పేరుతో టీచర్‌ని పక్క ఊరికి పంపిస్తారు, టీచర్ ఉద్యోగం మాత్రం పోదు. ఇక్కడ టీచర్‌ని తీసుకునేది డిస్ట్రిక్టే, జీతమిచ్చేది డిస్ట్రిక్టే. డబ్బు చాలకపోతే పక్క ఊరికి పంపడానికి పక్క ఊరు తనది కాదు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతాది సులువు.

ఇప్పుడు అసలు ముడి. మీ ఇంటి విలువ పెరిగి, మీ టాక్స్ పెరిగితే, ఆ పెరిగిన డబ్బు స్కూలుకి దక్కుతుందని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. దాదాపుగా దక్కదు.

టెక్సాస్ ప్రభుత్వం ప్రతి డిస్ట్రిక్ట్‌కీ ఏడాదికి ఎంత డబ్బు రావాలో ఒక ఫార్ములాతో ముందే తేలుస్తుంది. ఎంతమంది పిల్లలు, వాళ్ళలో స్పెషల్ ఎడ్యుకేషన్ (వైకల్యమున్న పిల్లలకిచ్చే ప్రత్యేక చదువు) అవసరమైనవాళ్ళెంతమంది, ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవాళ్ళెంతమంది, పేద కుటుంబాల నుంచి వచ్చేవాళ్ళెంతమంది, ఇవన్నీ వేసి ఒక మొత్తం వస్తుంది. లెక్క కోసం 2 కోట్ల డాలర్లు అనుకుందాం. తర్వాత మీ ఊరి ప్రాపర్టీ టాక్స్ ద్వారా ఎంత వస్తుందో చూస్తారు. 1 కోటి 40 లక్షలు వచ్చిందనుకోండి, మిగతా 60 లక్షలు రాష్ట్రం ఇస్తుంది. మరుసటి ఏడాది ఇళ్ళ రేట్లు పెరిగి ఊరి వాటా 1 కోటి 60 లక్షలకి చేరితే? రాష్ట్రం 40 లక్షలే ఇస్తుంది. మొత్తం అదే 2 కోట్లు. మీరు ఎక్కువ కట్టారు, రాష్ట్రం తక్కువ కట్టింది, స్కూలుకి ఒక్క పెన్సిల్ కూడా ఎక్కువ రాలేదు. విలువలు పెరిగేకొద్దీ టాక్స్ రేటుని తగ్గించమని కూడా రాష్ట్రమే చెబుతుంది, అందుకే బిల్లు మీద రేటు తగ్గుతున్నట్టు కనపడుతుంది.

ఊరి వాటా ఆ 2 కోట్లు దాటిపోతే ఏమవుతుందన్నది తర్వాతి ప్రశ్న. దాటిన డబ్బుని రాష్ట్రం తీసేసుకుంటుంది. దీన్ని రీక్యాప్చర్ అంటారు, జనం నోట్లో రాబిన్ హుడ్. రాష్ట్రంలో దీని కింద అందరికంటే ఎక్కువ కట్టే డిస్ట్రిక్ట్ ఆస్టిన్. ఇది విని మా గ్రూప్‌లో ఒకాయన "ఇది దోపిడీ కదా" అన్నాడు. అంత తేలిగ్గా తీసిపారేయలేం, దీని వెనక పెద్ద కథే ఉంది. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అనే పేద డిస్ట్రిక్ట్, అక్కడ ఇళ్ళకి విలువ లేదు కాబట్టి ఎంత ఎక్కువ రేటు వేసినా డబ్బు రాదు. పక్కనే ఉన్న డబ్బున్న డిస్ట్రిక్ట్‌లో తక్కువ రేటుకే కుప్పలుగా వస్తుంది. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రులు వేసిన కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1973లో 5-4 తేడాతో ఓడిపోయింది. వాళ్ళు వదల్లేదు. ఈసారి రాష్ట్ర రాజ్యాంగం పట్టుకుని టెక్సాస్ కోర్టులకే వెళ్ళారు, 1989లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఈ పద్ధతి చెల్లదంది. ఆ తీర్పు తర్వాత నాలుగేళ్ళు కొట్టుకుని కొట్టుకుని 1993లో తెచ్చింది ఈ రీక్యాప్చర్. ఉన్నవాడి దగ్గర తీసుకుని లేనివాడికివ్వడం అన్న ఆలోచనతో నాకు పేచీ లేదు. నా పేచీ ఏంటంటే, ఇళ్ళ విలువలు పెరిగేకొద్దీ రాష్ట్రం తన వాటా తగ్గించుకుంటూ, ఆ మిగులుతో తానే ఉదారంగా టాక్స్ తగ్గించినట్టు చెప్పుకోవడం.

ఊరి ప్రజలు మేం ఇంకొంచెం ఎక్కువ కడతాం, మా స్కూలుకే ఉంచండి అంటే కుదురుతుందా? కొంచెం. ఇంటి విలువలో ప్రతి 100 డాలర్లకి కొద్ది సెంట్లు అదనంగా వేసుకోవచ్చు, అందులో కొన్ని రీక్యాప్చర్‌కి దొరకవు. కాకపోతే ఒక పరిమితి దాటితే ఓటింగ్ పెట్టాలి. 2024 నవంబర్‌లో డల్లాస్ దగ్గరున్న ఫ్రిస్కోలో అలాగే పెట్టారు, జనం వద్దన్నారు. ఫ్రిస్కో! మనవాళ్ళు ఇళ్ళు కొనేదే స్కూళ్ళ కోసమని చెప్పుకునే ఊరు.

ఇప్పుడు ఆ ఫార్ములా లోపలికి వెళ్దాం. దాని పునాది ఒకే ఒక్క అంకె, బేసిక్ అలాట్‌మెంట్, అంటే ఒక మామూలు విద్యార్థికి ఏడాదికి ఇంత అని. 2019లో దాన్ని 5,140 డాలర్ల నుంచి 6,160కి పెంచారు. మంచి పెంపే. తర్వాత కోవిడ్ వచ్చింది, ధరలు ఎలా ఎగిరాయో గుడ్ల ధర చూసినవాళ్ళందరికీ తెలుసు, ఆ అంకె మాత్రం 2025 దాకా కదల్లేదు. 2023లో రాష్ట్ర ఖజానాలో 3,200 కోట్ల డాలర్లకి పైగా మిగులుంది, అయినా కదల్లేదు, ఎందుకంటే ప్రైవేటు స్కూల్ వోచర్లు (ప్రైవేటు చదువుకి ప్రభుత్వమిచ్చే డబ్బు) ఒప్పుకుంటేనే స్కూళ్ళ డబ్బు అన్న పట్టుదలలో ఆ ఏడాది గడిచిపోయింది. శాసనసభ రెండేళ్ళకోసారే కూర్చుంటుంది, అదీ బేసి సంవత్సరాల్లో 140 రోజులు, కాబట్టి ఒకసారి తప్పితే రెండేళ్ళు ఆగాల్సిందే. 2025లో దాదాపు 850 కోట్ల డాలర్ల ప్యాకేజీ ఇచ్చారు, కానీ అందులో బేసిక్ అలాట్‌మెంట్‌కి దక్కిన పెంపు 55 డాలర్లు. అవును, ఒక విద్యార్థికి ఏడాదికి 55. ఇప్పుడు 6,215. మిగతా డబ్బంతా టీచర్ల జీతాలకింత, భద్రతకింత అని ముందే రాసి పెట్టి ఇచ్చారు, కరెంటు బిల్లుకో బస్సు డ్రైవర్‌కో వాడుకోవాలంటే అన్నిటికీ కుదరదు.

ఈ 6,215ని దేనితో గుణిస్తారన్నదే నాకు అన్నిటికంటే ఆశ్చర్యం వేసిన విషయం. పేరు రాయించుకున్న పిల్లల సంఖ్యతో అనుకుంటాం. కాదు. హాజరైన పిల్లల సంఖ్యతో, అంటే సగటు రోజువారీ హాజరుతో. చాలా రాష్ట్రాలు ఎన్‌రోల్‌మెంట్ చూసి ఇస్తాయి, టెక్సాస్ హాజరు చూసి ఇచ్చే కొద్ది రాష్ట్రాల్లో ఒకటి. ప్రతి స్కూల్లో రోజూ ఒక నిర్ణీత సమయముంటుంది, ఆ సమయానికి మీ అబ్బాయి క్లాసులో ఉంటే ఆ రోజుకి డబ్బు, లేకపోతే లేదు. జ్వరమొచ్చి మానేసినా లేదు, లీవ్ లెటర్ ఇచ్చినా లేదు.

మూడు వేలమంది ఉన్న డిస్ట్రిక్ట్ ఒకటి ఊహించుకోండి, ఇక్కడి నుంచి అన్నీ దీని మీదే వేద్దాం. హాజరు 94 శాతం అంటే మంచిదే అనిపిస్తుంది. కానీ డబ్బొచ్చేది 2,820 మందికి. మిగతా 180 మందికి టీచరుంది, బెంచీ ఉంది, బస్సులో సీటుంది, డబ్బు లేదు. బేసిక్ అలాట్‌మెంట్ ఒక్కటే తీసుకున్నా అది 11 లక్షల డాలర్లు. హాజరు ఒక్క శాతం పెరిగితే 1 లక్షా 86 వేలు, ఇద్దరు ముగ్గురు టీచర్ల ఖర్చు.

ఇక్కడ మన గురించి మనం మాట్లాడుకోవాలి. డిసెంబర్ సెలవులు రెండు వారాలే, టికెట్ ఏమో రెండు వేల డాలర్లు, అంత పెట్టి వెళ్ళి పది రోజుల్లో వచ్చేస్తే ఎలా అని సంక్రాంతి దాకా ఉండి వస్తాం. నేనూ ఉన్నాను, ఒకసారి మా చెల్లి పెళ్ళికి, ఇంకోసారి ఊరికే. పిల్లలు తర్వాత కవర్ చేసుకుంటారులే అనుకుంటాం, చేసుకుంటారు కూడా, మనవాళ్ళ పిల్లలకి మార్కుల టెన్షన్ ఎలాగూ ఉంటుంది. కానీ 180 పనిదినాల్లో 15 రోజులు పోతే స్కూలుకి దాదాపు 518 డాలర్లు పోయినట్టు. అలాంటి కుటుంబాలు 40 ఉంటే 20 వేలు. జనవరి రెండో వారంలో అటెండెన్స్ చూసే క్లర్క్ ముఖం ఎలా ఉంటుందో నేను ఊహించుకోగలను. ఇదంతా చదివి ఇండియా వెళ్ళడం మానేయమనట్లేదు, అమ్మానాన్నలు అక్కడున్నారు. కానీ కొన్ని చిన్న చిన్న విషయాలు తెలిసుంటే మంచిది. డాక్టర్ దగ్గరికో డెంటిస్ట్ దగ్గరికో తీసుకెళ్తే రోజంతా మాన్పించకుండా అపాయింట్‌మెంట్ ముందో తర్వాతో కాసేపు స్కూలుకి పంపి, డాక్టర్ ఇచ్చిన కాగితం ఆఫీసులో ఇవ్వండి, ఆ రోజు హాజరు కిందే లెక్క. మతపరమైన పండుగ రోజుకి కూడా నియమాల ప్రకారం రాసిచ్చి, స్కూల్ ఆమోదిస్తే హాజరు పోదు. చాలామంది పండగని దాచి "ఒంట్లో బాలేదు" అని మెయిల్ పెడతారు, దానివల్ల నష్టమే.

సరే, రాబడి ఇలా చుక్కచుక్కగా పెరుగుతుంది, తరుగుతుంది. ఖర్చు అలా ఉండదు, ఖర్చు గడ్డలు గడ్డలుగా ఉంటుంది. నా దృష్టిలో చిన్న డిస్ట్రిక్ట్ కష్టమంతా ఈ ఒక్క మాటలో ఉంది.

ఎలాగంటే, టెక్సాస్ చట్టం ప్రకారం కిండర్‌గార్టెన్ నుంచి 4వ తరగతి దాకా ఒక క్లాసులో 22 మందికి మించకూడదు. ఒక ఎలిమెంటరీలో కిండర్‌గార్టెన్‌కి 66 మంది చేరారనుకోండి, మూడు సెక్షన్లు, ముగ్గురు టీచర్లు, చక్కగా సరిపోయింది. ఆగస్ట్ మొదటి వారంలో ఇంకో కుటుంబం ఆ వీధిలోకి వచ్చింది. 67వ పిల్ల. నాలుగో సెక్షన్ తెరవాలి, లేదా రాష్ట్రాన్ని మినహాయింపు అడగాలి. ఆ పిల్లతో వచ్చేది 6,215, ఆ టీచర్‌కి కావాల్సింది దానికి పదింతలు. 2023-24లో రాష్ట్రంలో సగటు టీచర్ జీతం దాదాపు 62 వేలు, పైన ఇన్సూరెన్సు వగైరా. పైగా ఆగస్ట్‌లో టీచర్ దొరకడం ఎంత కష్టమో చెప్పలేం.

ఇప్పుడు తిరగేసి చూడండి. మన ఊహా డిస్ట్రిక్ట్‌లో ఎలిమెంటరీలు మూడు. పోయినేడు కిండర్‌గార్టెన్‌లో మొత్తం 190 మంది, ఒక్కో స్కూల్లో 63 మందో 64 మందో, మూడేసి సెక్షన్లు, మొత్తం 9. ఈ ఏడు 170 మందే చేరారు. ఒక్కో స్కూల్లో 57 మంది. ఎన్ని సెక్షన్లు కావాలి? మళ్ళీ మూడే. 57 మందిని రెండు గదుల్లో పెట్టలేరు. కాబట్టి 20 మంది పిల్లలతో పాటు 1 లక్షా 24 వేల డాలర్లు పోయాయి, ఖర్చులో ఒక్క టీచరు తగ్గలేదు, ప్రిన్సిపాల్ తగ్గలేదు, నర్సు తగ్గలేదు, ఏసీ బిల్లు తగ్గలేదు. "పిల్లలు తగ్గితే ఖర్చూ తగ్గాలి కదా" అని మీటింగ్‌లో ఒకాయన మూడు నిమిషాల మైకు సమయంలో రెండు నిమిషాలు ఇదే అడిగాడు, న్యాయమైన ప్రశ్నే, జవాబు ఈ 57లో ఉంది.

స్కూల్ మూయడం అన్న ఆలోచన ఎక్కడ పుడుతుందో కూడా ఇక్కడే కనపడుతుంది. ఆ 170 మందిని రెండు స్కూళ్ళలో పెడితే ఒక్కో దాంట్లో 85, నాలుగేసి సెక్షన్లు, మొత్తం 8. ఒక టీచర్ మిగిలారు. మిగతా తరగతులూ ఇలాగే ఉంటే తరగతికి ఒకరు చొప్పున నలుగురైదుగురు, వాళ్ళతో పాటు ఒక ప్రిన్సిపాల్, కౌన్సెలర్, లైబ్రేరియన్, ఆఫీసు సిబ్బంది. సరదాగా ఇంకో లెక్క చూడండి: పోయినేటి 190 మందినే రెండు స్కూళ్ళలో పెడితే ఒక్కో దాంట్లో 95, ఐదేసి సెక్షన్లు, మొత్తం 10. అంటే అప్పుడు మూసేసుంటే ఖర్చు పెరిగేది! 176కి దిగగానే లెక్క తిరగబడుతుంది. ఒక ఏడాది "స్కూల్ మూయాల్సిన పనే లేదు" అన్న బోర్డు మరుసటి ఏడాది మాట మార్చిందంటే కుట్ర ఉందని అనుకోనక్కర్లేదు, 22తో భాగించి చూస్తే చాలు. ఇంకో సంగతి, స్కూల్ మూస్తే ఆ స్కూల్ బడ్జెట్ అంతా మిగులుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. పిల్లలు ఎక్కడికెళ్తే టీచర్లలో ఎక్కువమంది అక్కడికే వెళ్తారు. మిగిలేది పైన చెప్పిన గడ్డలు మాత్రమే. మా వాళ్ళు చూపించిన మొదటి స్లైడ్‌లో ఈ రెంటినీ కలిపేశారు, రెండో మీటింగ్‌లో ఎవరో అడిగితే గానీ విడగొట్టలేదు. అది నాకు నచ్చలేదు.

చిన్న డిస్ట్రిక్ట్‌కి ఈ ఇబ్బంది ఎక్కువని రాష్ట్రానికీ తెలుసు. అందుకే హాజరు 1,600 లోపున్న డిస్ట్రిక్ట్‌లకి ఒక రకంగా, 1,600 నుంచి 5,000 లోపున్నవాటికి ఇంకో రకంగా అదనపు డబ్బు ఉంది, 5,000కి దగ్గరయ్యేకొద్దీ అది కరిగిపోతుంది. జీతాల విషయంలో 2025 చట్టం ఇంకో గీత గీసింది. 5,000 మంది లేదా అంతకంటే తక్కువ పిల్లలున్న డిస్ట్రిక్ట్‌లో ఐదేళ్ళ అనుభవమున్న టీచర్‌కి 8,000 డాలర్ల పెంపు, అంతకంటే పెద్ద డిస్ట్రిక్ట్‌లో అదే టీచర్‌కి 5,000. మూడు నాలుగేళ్ళ అనుభవానికైతే 4,000, 2,500. చిన్న ఊళ్ళు ఎప్పుడూ తక్కువ జీతంతో టీచర్లని పోగొట్టుకుంటాయి కాబట్టి ఇది మంచిదే. కానీ ఇది టీచర్లకి మాత్రమే. బస్సు డ్రైవర్, వంటగదిలో పనిచేసేవాళ్ళు, స్పెషల్ ఎడ్యుకేషన్ గదిలో పిల్లల్ని ఎత్తుకుని తిప్పే ఎయిడ్ (టీచర్‌కి సహాయకురాలు), వీళ్ళకి అంత రాలేదు. ఆ గదిలో ఆరేళ్ళుగా గంట లెక్కన పనిచేస్తున్న మా పక్కింటి ఆవిడ పోయిన నెలలో గిడ్డంగి ఉద్యోగానికి వెళ్ళిపోయింది, అక్కడ గంటకి నాలుగు డాలర్లెక్కువట.

టీచర్ల కొరత గురించి ఎక్కువ చెప్పను, ఒక్కటి చాలు: 2023-24లో టెక్సాస్‌లో కొత్తగా చేరిన టీచర్లలో దాదాపు మూడో వంతు మందికి టీచింగ్ సర్టిఫికెట్ లేదు. ఉన్న టీచర్లు కూడా స్కూల్ మొదలవడానికి 45 రోజుల ముందు దాకా ఎలాంటి జరిమానా లేకుండా రాజీనామా చేయొచ్చు, కాబట్టి జూన్ నెలాఖరు దాకా ప్రిన్సిపాల్‌కి ఎవరుంటారో ఎవరు పోతారో తెలియదు. బడ్జెట్ ఏమో చాలాచోట్ల అదే జూన్‌లో పాసవ్వాలి.

"మరి కొత్త స్టేడియానికి డబ్బెక్కడిది?" అన్నది గ్రూప్‌లో తప్పకుండా వచ్చే ప్రశ్న. మీ టాక్స్ బిల్లులో స్కూల్ రేటు రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి రోజువారీ ఖర్చులకి, అంటే జీతాలు, కరెంటు, డీజిల్. రెండోది అప్పు తీర్చడానికి. జనం ఓటేసి ఒప్పుకున్న బాండ్, అంటే డిస్ట్రిక్ట్ తెచ్చిన అప్పు, ఆ రెండో ముక్కతో తీరుతుంది, దాంతో బిల్డింగ్ కట్టొచ్చు, బస్సు కొనొచ్చు, పైకప్పు మార్చొచ్చు, టీచర్‌కి జీతం మాత్రం ఇవ్వకూడదు, చట్టం ఒప్పుకోదు. ఇంకోటి, ఈ రెండో ముక్కని రీక్యాప్చర్ ముట్టుకోదు, పూర్తిగా ఊళ్ళోనే ఉంటుంది. అందుకే కొత్త ఏసీలు పెట్టిన బిల్డింగ్‌లో టీచర్ని తీసేస్తున్నారన్న వింత చూస్తాం. 2019 నుంచి బాండ్ బ్యాలెట్ మీద "ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు" అని తప్పనిసరిగా రాయాలి, రేటు అసలు పెరగకపోయినా సరే. ఆ లైను చదివి వద్దని నొక్కి వచ్చేవాళ్ళు ఎంతమందో.

సూపరింటెండెంట్ జీతం విషయానికొస్తే, ఎక్కువే, నాకూ కడుపు మండుతుంది. కానీ అది మొత్తం సున్నా చేసినా మిగిలేది ముగ్గురు నలుగురు టీచర్ల ఖర్చు. బడ్జెట్‌లో 80 శాతానికి పైగా జీతాలే, అందులో అత్యధికం క్లాస్‌రూమ్‌లో ఉన్నవాళ్ళవే. పెద్ద లోటు పూడ్చాలంటే మనుషుల్ని తగ్గించడం తప్ప దారి లేకపోవడానికి కారణం ఇదే. రెండు మూడు నెలల ఖర్చుకి సరిపడా నిల్వ ఉంటుంది, ఒకటి రెండేళ్ళు దాంతో నెట్టుకొస్తారు. కోవిడ్ టైములో కేంద్రం ఇచ్చిన డబ్బు కూడా అలాగే నెట్టింది, దాని గడువు 2024 సెప్టెంబర్‌తో అయిపోయింది. ఆ ఏడాదే అన్ని ఊళ్ళలో ఒకేసారి లోటు వార్తలు ఎందుకొచ్చాయో ఇప్పుడు అర్థమవుతుంది.

స్పెషల్ ఎడ్యుకేషన్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని పట్టుకుని కొందరు చెడ్డగా మాట్లాడుతుంటారు. వైకల్యమున్న ప్రతి పిల్లాడికీ సరైన చదువు చెప్పాలని 1975లో కేంద్రం చట్టం చేసింది, అదనపు ఖర్చులో 40 శాతం దాకా ఇస్తానంది. మామూలుగా ఇచ్చేది అందులో సగం కూడా ఉండదు. మిగతాది డిస్ట్రిక్ట్ తన మామూలు డబ్బులోంచే తీయాలి, తీస్తుంది, తీయాలి కూడా. చిన్న డిస్ట్రిక్ట్‌కి ఎక్కువ సాయం కావాల్సిన ఇద్దరు పిల్లలు కొత్తగా వస్తే ఆ ఏడాది బడ్జెట్ కదిలిపోతుంది. తప్పు ఆ పిల్లలది కాదు, మాటిచ్చి తప్పినవాళ్ళది.

ఇక పిల్లలు ఎందుకు తగ్గుతున్నారన్నది. ప్రభుత్వ డబ్బుతోనే డిస్ట్రిక్ట్‌తో సంబంధం లేకుండా నడిచే చార్టర్ స్కూళ్ళున్నాయి, ఇంట్లో చదివించుకునేవాళ్ళున్నారు, 2026-27 నుంచి 100 కోట్ల డాలర్లతో వోచర్లు కూడా మొదలు. వాటి ప్రభావం ఉంటుంది. కానీ మా డిస్ట్రిక్ట్ స్లైడ్లలో నాకు పెద్దగా కనపడింది అదేమీ కాదు, 12వ తరగతికీ కిండర్‌గార్టెన్‌కీ మధ్య తేడా. మన ఊహా డిస్ట్రిక్ట్‌లోనే చూడండి: మేలో 270 మంది సీనియర్లు టోపీలెగరేసి వెళ్ళిపోతారు, ఆగస్ట్‌లో 190 మంది చిన్నారులు చేరతారు. ఒక్క కుటుంబం కూడా ఊరు వదల్లేదు, ఎవరూ ప్రైవేటుకి పోలేదు, అయినా 80 మంది తగ్గారు, 5 లక్షల డాలర్లు తగ్గాయి. వచ్చే ఏడాదీ ఇంతే. అమెరికాలో పుట్టిన పిల్లల సంఖ్య 2007లో దాదాపు 43 లక్షలు, 2023లో 36 లక్షలు. 2007లో పుట్టినవాళ్ళు 2025లో హైస్కూల్ దాటి వెళ్ళారు. ఈ కెరటం వెళ్ళిపోతుందని 18 ఏళ్ళ ముందే తెలుసు, ఆశ్చర్యపోవడానికేమీ లేదు.

ఊరు నిండిపోయిందన్నది దానికి తోడవుతుంది. కొత్త ఇళ్ళు కట్టేందుకు స్థలం లేని ఊళ్ళలో ఇది ముందు కనపడుతుంది. దాదాపు 13 వేలమంది ఉన్న కాపెల్‌లో పింకర్టన్ ఎలిమెంటరీని, ప్లేనోలో నాలుగు స్కూళ్ళని, ఫ్రిస్కోలో స్టేలీ మిడిల్ స్కూల్‌ని 2024-25 విద్యాసంవత్సరంతో మూసేశారు. మూడూ మంచి పేరున్న డిస్ట్రిక్ట్‌లే, మూడింటిలోనూ మనవాళ్ళు పుష్కలంగా ఉన్నారు. స్కూళ్ళు బాగున్నాయి కాబట్టి ఇళ్ళ రేట్లు పెరిగాయి, రేట్లు పెరిగాయి కాబట్టి 30 ఏళ్ళ వయసులో కిండర్‌గార్టెన్ పిల్లలున్న జంట అక్కడ కొనలేక ఉత్తరాన ప్రాస్పర్‌కో, సెలైనాకో వెళ్ళిపోతోంది. అక్కడేమో పిల్లలు పట్టక తాత్కాలిక పోర్టబుల్ గదుల్లో క్లాసులు.

మీ బోర్డు మీటింగ్‌కి వెళ్తే టాక్స్ రేటు స్లైడ్ దగ్గర ఎక్కువసేపు ఆగకండి. అక్టోబర్ చివరి శుక్రవారం లెక్క ఒకటుంటుంది, ఆ రోజున పేర్లున్న పిల్లల సంఖ్యనే రాష్ట్రం అధికారికంగా నమోదు చేసుకుంటుంది. దాన్ని తరగతులవారీగా అడగండి, ఐదేళ్ళది పక్కపక్కన పెట్టమనండి. హాజరు శాతం ఏ నెలలో పడుతోందో అడగండి. మా దగ్గర జనవరి, మీ దగ్గర ఏదో.

నేను ఇంటికొచ్చి మా వీధి లెక్కేశాను. మొత్తం 14 ఇళ్ళు. మేం కొత్తగా వచ్చినప్పుడు 11 ఇళ్ళలో బడికెళ్ళే పిల్లలుండేవాళ్ళు, పొద్దున ఏడుంపావుకి బస్ స్టాప్ దగ్గర జాతరలా ఉండేది. ఇప్పుడు నాలుగిళ్ళే. మిగతావాళ్ళెవరూ ఇళ్ళు అమ్మలేదు, పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు, పెద్దవాళ్ళు ఉండిపోయారు, అంతే. వచ్చే మేలో మా చిన్నాడు గ్రాడ్యుయేట్ అవుతాడు, అప్పుడు మూడిళ్ళు. మా ఆవిడ అడిగింది, ఇంత పెద్దిల్లు మనిద్దరికెందుకు, ఎవరైనా చిన్నపిల్లలున్నవాళ్ళకి అమ్మేసి చిన్నది కొనుక్కుందామా అని. లోన్ కాగితం తీసి చూశాను. వడ్డీ 2.75 శాతం, 2021లో రీఫైనాన్స్ చేసింది. ఇల్లు అమ్మితే ఆ వడ్డీ వదులుకోవాలి. కాగితం మళ్ళీ డ్రాయర్‌లో పెట్టేశాను.